చేపల్లేని నీళ్ళు

పెరంబూరు, మూడో అంతస్తు.
కాశిమేడు గాలి అప్పుడప్పుడూ కిటికీదాకా వచ్చి
చేపవాసన చూపించి పోతుంది.
సముద్రం అంత దగ్గర.
అయినా బకెట్టు ఉప్పు కొనుక్కొచ్చి
ఆర్వో నీళ్ళలో కలుపుతూ కూచున్నాను,
అర్ధరాత్రి, కుచ్చిళ్ళు దోపుకొని,
గరిటెతో సముద్రాన్ని.

పగలు నా పని రక్తపరీక్షల లాబులో.
జనం చేతులు చాస్తారు, పిడికిలి బిగిస్తారు,
సాయంత్రానికి వాళ్ళ చక్కెర, వాళ్ళ కొవ్వు
కాగితమ్మీద అచ్చయి వస్తాయి.
ఏ సంగతైనా నాలుగ్గంటల్లో తేలాలి నాకు.

కొళత్తూరు సందులో గాజుతొట్టె అమ్మిన ఇళమారన్
నోట్లు లెక్కపెట్టుకుంటూ చెప్పాడు:
"ఆరు వారాలు చేప వెయ్యొద్దక్కా.
ఒక్క రొయ్యముక్క వెయ్యండి.
కుళ్ళనివ్వండి."

కుళ్ళనిచ్చాను.
పరీక్షనాళికలో పసుపు ముదిరి పచ్చయింది,
ఇంకో నాళికలో నీలం తిరిగి ఊదా అయింది.
కంటికి ఆనని జీవాలేవో
ఒక విషాన్ని తిని ఇంకో విషం చేసి
దాన్నీ తిని కాస్త మెత్తటి విషం చేస్తాయట.
వంటింట్లో కోపం
హాల్లోకొచ్చేసరికి మాటయి
పడగ్గదిలో మౌనమైనట్టు.

మూడో వారం, రాళ్ళమీద గోధుమరంగు.
రాగిపిండి జల్లించినట్టు
ఇసకంతా, గాజంతా, పంపు మూతి చుట్టూ.
తుడిస్తే పొగలా లేచి
పొద్దున్నకి మళ్ళీ అక్కడే.
ఐదో వారం, పచ్చటి జుట్టు.
పాత టూత్ బ్రష్షు పట్టుకుని
రాయి రాయికీ పళ్ళు తోమాను.
పదిగంటల దీపాన్ని ఆరుగంటలకి కుదించాను.
కరెంటు బిల్లు మడిచి తొట్టె మూత కింద పెట్టి
ఏమీ అనకుండా డ్యూటీకి వెళ్ళాడు చక్రధర్.

ఒక్కమాట ఎవరికీ చెప్పలేదు.
మే నెలలో ఒక రాత్రి
ఫిల్టరు అయిపోయి, కొట్లు మూసేసి,
ఆవిరై తగ్గిన నీటికి బదులు
ట్యాంకరు నీళ్ళు పోసేశాను.
రెండు బిందెలే.
నాచు మరిచిపోలేదు.
నేను దాచిన రెండు బిందెలూ
పచ్చటి అక్షరాల్లో రాసి
రాళ్ళకి అంటించింది.
ఇన్నేళ్ళ ఉద్యోగంలో
నా పేరు మీద వచ్చిన మొదటి రిపోర్టు.

ఆదివారం వంజరం ముక్కలతో మెట్లెక్కి వచ్చింది కాటమ్మ.
తాతలనాడు నెల్లూరు వైపు నుంచి
పడవల్లో వచ్చిన మనుషులు వాళ్ళు.
గంప దించి, గాజుకి ముక్కానించి చూసింది.
"చేపల్లేవా?"
"ఇంకా లేవు."
"లేని చేపలకి ఇంత దీపమా?"
నా చేతిలో బ్రష్షు చూసి నవ్వింది.
"పిచ్చిదానా, ఆ పాచి గీకేస్తా ఉండావా?
హార్బరు రాళ్ళు సూడు.
పాచి పట్టని రాయి కాడికి ఏ చేపొస్తాది?
ముందు ఆకు పరిస్తేనే గదా
బంతికి కూకునేది."
వంజరం మటుకు
ఇరవై రూపాయలు ఎక్కువే తీసుకుంది.

ముందు గాజు గీకాను, వెనక గాజు వదిలేశాను.
నీళ్ళు మాత్రం వారం వారం
పదిహేను లీటర్లు మార్చాను,
ఉప్పు తూచి, వేడి చూసి.
పన్నెండు నత్తలు తెచ్చాను.
ఒకటి తిరగబడి చచ్చిపోయింది.
పదకొండూ తొందర లేకుండా
నా తప్పుని తింటూ తిరుగుతున్నాయి.

తొమ్మిదో వారం.
టార్చి వేస్తే తెల్లటి నలుసులు
నీళ్ళలో గెంతుతున్నాయి, ఎవరూ వెయ్యనివి.
పంపు పక్కన రాయిమీద
నేరేడుపండు తిని నాలిక తాకించినట్టు
చిన్న మరక.
గోటితో గీరితే పోలేదు.

ఇళమారన్ ఫోన్ చేశాడు.
"ఇప్పుడు వెయ్యొచ్చక్కా. జత పక్కన పెట్టనా?
నారింజరంగువి, బాగున్నాయి."
ఇంకో వారం ఆగుదామన్నాను.
నా గొంతేనా అది.

వెనక గాజుమీద
ఒక నత్త నాచు తింటూ పోయింది.
అది పోయిన దారి వెడల్పున
అవతలి గది కనిపిస్తోంది,
మంచం అంచు, ఆరేసిన తువ్వాలు,
ఎవరో ఆర్పడం మరిచిన లైటు.